ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అరచేతంత వెండితెర

"అన్నయ్యగారూ! నా గదిలో పెట్టుకోవడానికి చేత్తో చేసిన వస్తువు ఒక్కటంటే ఒక్కటి కొనుక్కోవాలని ఉంది. షోరూముకి వెళ్తే ధర చీటీ చూసి కళ్ళు తిరిగాయి. పాత సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయంటున్నారు. నిజమేనా? నా పర్సులో ఉన్నది అయిదొందలు!" అని నారాయణగూడ నుంచి ఓ చెల్లాయి ఉత్తరం రాసింది.

నిజమే చెల్లాయ్! అయిదొందలు చాలు. చాలనిదంటూ ఉంటే అది డబ్బు కాదు, ఓపిక. మొదటి వారమే బంగారం దొరకాలంటే మాత్రం కుదరదు. కొత్త సినిమాకి మొదటి ఆట టిక్కెట్టు కోసం క్యూలో నిలబడతాం చూశావూ, ఆ ఓపికలో సగం ఉంటే చాలు.

ఈ వారం కబుర్లన్నీ దాని గురించే. చివర్లో నా సొంత కథ కూడా ఒకటి ఉంది. అందులో నేను హీరోని కాను సుమా! కాసేపు విలన్ వేషం కూడా వేశాను.

ఆదివారం ఆబిడ్స్

ఆబిడ్స్‌కి ఆ పేరెలా వచ్చిందో తెలుసా? ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆల్బర్ట్ ఆబిద్ అని ఓ ఆర్మీనియన్ కొలువు చేసేవాడు. ఆయన పెట్టిన దుకాణం పేరే ఆ పేట పేరయింది. అంటే, ఈ పేట పుట్టిందే అంగడితో! అక్కడ కొనకుండా తిరిగి రావడం ఎవరి తరం?

ఆదివారం పెద్ద దుకాణాలు మూతపడతాయి. దించిన షట్టర్ల ముందు, ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుచుకుంటాయి. ఇంజనీరింగ్ పుస్తకాలూ, ఇంగ్లీషు డిటెక్టివ్ నవలలూ అందరికీ కనిపిస్తాయి. మనం వంగి చూడాల్సింది కింది వరస. పాత చందమామలూ, యువ దీపావళి సంచికలూ, అట్టపోయిన సినిమా పత్రికలూ అక్కడే ఉంటాయి.

"పుస్తకాల్లో కళాఖండాలేమిటండీ?" అనకండి. పాత యువ సంచిక అట్ట మీద వడ్డాది పాపయ్యగారి బొమ్మ ఉందనుకోండి. కింద మూల 'వ.పా.' అని పొడి అక్షరాలుంటాయి. అది జాగ్రత్తగా తీసి ఫ్రేము కట్టిస్తే, గదికి ఇంకే అలంకారం అక్కర్లేదు. విక్రమార్కుడు భేతాళుణ్ణి భుజాన వేసుకుని నడిచే చందమామ బొమ్మ శంకర్‌గారిది. ఇక నవలల అట్టల మీద బాపుగారి గీత సంగతి చెప్పేదేముంది? 'సాక్షి' (1967)తో సినిమా దర్శకుడయ్యేనాటికే ఆ గీత తెలుగిళ్ళలో చుట్టమైపోయింది.

ఇంకో సంగతి. చందమామని 1947లో మొదలుపెట్టింది నాగిరెడ్డి, చక్రపాణి గార్లు. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) తీసిందీ వాళ్ళే! అంటే ఫుట్‌పాత్ మీద పది పాతిక రూపాయలకి దొరికే ఆ పత్రికా, మనం ఈనాటికీ నోరు తెరుచుకుని చూసే ఆ సినిమా ఒకే ఇంటి పిల్లలన్నమాట. 'మాయాబజార్' కళాదర్శకుల్లో ఒకరైన గోఖలేగారు కథలు కూడా రాశారు. కుంచే కలమూ అప్పట్లో అలా కలిసి కాపురం చేసేవి.

మిగతా వెండితెర మీద!

సినిమా ప్రియులకి అసలు నిధి పాటల పుస్తకాలు. ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడగండి, ముఖం వెలిగిపోతుంది. హాలు బయట నాణెం ఇస్తే పల్చటి పుస్తకం ఇచ్చేవాళ్ళు. ముందు అట్ట మీద నాయికా నాయకులు, లోపల తారాగణం, పాటలు, సగం కథ. సరిగ్గా పట్టులో ఉండగా "మిగతా కథ వెండితెర మీద చూడండి" అని ముగింపు!

ఇప్పుడు అవి చూస్తే నవ్వొస్తుంది గానీ, వాటి విలువ నవ్వులాట కాదు. మన దేశపు మొదటి టాకీ 'ఆలం ఆరా' (1931) ప్రింటు ఒక్కటి కూడా నేడు లేదు. మనకి మిగిలింది దాని ఫొటోలూ ప్రకటనల్లాంటివే. రీలు పోయిన సినిమాకి కాగితమే సాక్షి. అందుకే పూనాలో 1964లో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళు రీళ్ళతోపాటు పోస్టర్లూ పాటల పుస్తకాలూ కూడా దాస్తూ వచ్చారు. సర్కారు దాచేదాన్ని మనం పకోడీల పొట్లం చేస్తే ఎలా?

పోస్టరు కొనేటప్పుడు ఒక చిట్కా. జేబులో చిన్న భూతద్దం పెట్టుకోండి. అద్దంలోంచి చూస్తే రంగంతా సన్నటి చుక్కలుగా విడిపోతే అది అచ్చు. కుంచె జాడలు కనిపించి, అంచుల దగ్గర రంగు మీద రంగు ఎక్కి ఉంటే చేత్తో వేసింది. అచ్చుపోస్టరు పనికిరాదని కాదు. కాకపోతే అచ్చు ధరకి అచ్చు, చేతి ధరకి చేతిపని కొనాలి. మరో సంగతి, నిగనిగలాడే కాగితం మీద 1950ల సినిమా పోస్టరు కనిపిస్తే నమ్మకండి. నిన్న కంప్యూటరులో తీసిన నకలై ఉంటుంది. పాత కాగితం అంచుల్లో పసుపు తిరుగుతుంది, మడతల దగ్గర చిట్లుతుంది. ముసలితనాన్ని ఎంత మేకప్పయినా దాచలేదు గదా!

నాంపల్లి గల్లీలో

ఆబిడ్స్ నుంచి నాంపల్లికి నడకే. 1907 నాటి రైల్వే స్టేషను, ఆ పక్క ఎగ్జిబిషన్ గ్రౌండ్స్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలైన నుమాయిష్ ఇప్పుడు ఏటా జనవరిలో ఇక్కడే జరుగుతుంది. కాశ్మీరు శాలువలూ లక్నో కుట్టుపనీ కొత్తవి కావాలంటే అక్కడికి. పాతవి కావాలంటే మాత్రం స్టేషను చుట్టూ ఉన్న గల్లీల్లోకి రావాలి. ఇళ్ళు ఖాళీ చేసినవాళ్ళ సామాను, విడిపోయిన ఉమ్మడి కుటుంబాల సామాను, అమ్మానాన్నలు పోయాక పిల్లలు వద్దనుకున్న సామాను తిరిగి తిరిగి ఇలాంటి కొట్లకే చేరుతుంది. గురువారం నాడు తీరికుంటే పురానాపూల్ వైపు జుమ్మెరాత్ బజారు కూడా ఉంది.

ఇక్కడ ఏం చూడాలి? చెల్లాయ్, కాగితం కలం తీసుకో.

బిద్రీ: నల్లటి లోహం మీద వెండి తీగ పని. పుట్టిల్లు బీదరు అయినా హైదరాబాదుకి బాగా దగ్గరి చుట్టం. చేతికి తీసుకోగానే బరువు తెలియాలి, ఎందుకంటే అందులో జింకూ రాగీ ఉంటాయి. ఆ నలుపు రంగు పూసింది కాదు. బీదరు కోట మట్టి కలిపిన నీళ్ళతో వచ్చేది. అడుగున గోటితో గీరితే నలుపు పెచ్చులుగా లేచిందంటే దణ్ణం పెట్టి వచ్చెయ్. నిజందైతే ఇంటికి తెచ్చి కాస్త నూనె రాసి మెత్తటి గుడ్డతో తుడిస్తే నలుపు నిగారిస్తుంది.

కొండపల్లి, నిర్మల్ బొమ్మలు: రెండూ పొణికి కర్రవే. చూడ్డానికి బండెడుంటాయి, చేతిలో పువ్వంత తేలిక. బరువుగా ఉంటే అనుమానించాలి. చక్రం విరిగిన ఎడ్లబండిని "విరిగింది" అని వదిలెయ్యకు. విరిగినచోట లోపలి కర్ర కనిపిస్తుంది, అదే దాని జాతకం. చింతగింజల జిగురుతో అతకడం అసలు పనివాళ్ళు చేసేదే.

చేర్యాల ముఖాలు: కొబ్బరి చిప్ప, రంపపు పొట్టు, చింతగింజల గుజ్జు కలిపి చేసే చిన్న చిన్న ముఖాలు. పటాలైతే ఎర్రటి నేల మీద కథంతా వరస బొమ్మలుగా నడుస్తుంది. ఊరూరా తిరిగి కథ చెప్పేవాళ్ళు ఆ గుడ్డని చుట్ట విప్పుతూ చూపించేవాళ్ళు. ఆలోచిస్తే అదీ ఓ రీలే! సినిమా రాకముందే మన పల్లెటూళ్ళలో సినిమా ఆడిందన్నమాట.

కుట్టూ అల్లికలూ: వెనక్కి తిప్పి చూడు. ముళ్ళూ, దారం మళ్ళిన దారులూ అక్కడ దొరుకుతాయి. క్రోషియా టేబుల్ గుడ్డ కనిపిస్తే కళ్ళు మూసుకుని కొను, అసలైన క్రోషియా అల్లిక చేతిదే. ఎవరో ఇల్లాలు ఎన్ని మధ్యాహ్నాలు కూర్చుని అల్లిందో అది, చాలాసార్లు వంద రూపాయలకి మూలన పడి ఉంటుంది.

ఒక హెచ్చరిక కూడా. దేవుడి విగ్రహాలు, గుడి సామాను లాంటివి ఎవరైనా చాటుగా చూపిస్తే ముట్టుకోవద్దు. వందేళ్ళు దాటిన కళావస్తువులకీ, డెబ్బయి అయిదేళ్ళు దాటిన రాతప్రతులకీ 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. వాటిని అమ్మడానికి లైసెన్సు కావాలి, దేశం దాటించడం నేరం. మన సరదా ఎవరి గుడికీ కన్నం కాకూడదు.

ఇక నా కథ

మా పెదనాన్న సినిమా బ్యానర్లు వేసేవాడు. ఆబిడ్స్ చుట్టూ అప్పుడు హాళ్ళకి కొదవా? ప్యాలెస్, జమ్రుద్, సాగర్, సంతోష్, సప్న, ఎన్టీఆర్‌గారి రామకృష్ణ... శుక్రవారం వస్తోందంటే ఆయనకి నిద్ర ఉండేది కాదు. వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు షెడ్డులో కూర్చుని చూసేవాణ్ణి. చేతిలో చిన్న ఫొటో, దాని మీద పెన్సిలు గళ్ళు. ఎదురుగా గోడంత గుడ్డ, దాని మీద సుద్ద గళ్ళు. గడికి గడి పెంచుకుంటూ పోయేవాడు. కళ్ళు మాత్రం చిట్టచివర. "కళ్ళు పెట్టాక ఆయన మనల్ని చూస్తాడురా, అప్పుడిక చెయ్యి వణుకుతుంది" అనేవాడు.

ఆ బ్యానర్లు ఏమయ్యాయంటారా? సినిమా ఎత్తేశాక గుడ్డ తిరిగి షెడ్డుకి వచ్చేది. సున్నం కొట్టి దాని మీదే కొత్త బొమ్మ. ఎన్టీఆర్ మీద ఏయెన్నార్, ఏయెన్నార్ మీద కృష్ణ. గుడ్డ చివికిపోయాక పందిళ్ళకి. బొంబాయిలో మొదట్లో సినిమా హోర్డింగులే వేసిన ఎం.ఎఫ్. హుస్సేన్‌గారు తరవాత జగత్ప్రసిద్ధుడయ్యారు. 1967లో ఆయన తీసిన చిన్న సినిమాకి బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ కూడా వచ్చింది. అందరికీ ఆ రాత ఉండదుగా! 2000 తరవాత ఫ్లెక్సీలు వచ్చిపడ్డాయి. అప్పటికే మా పెదనాన్న లేడు. ఆయన చేతి గీత ఇంట్లో ఒక్కటి లేదు. "ఊరంతా చూసిన బొమ్మలు, నాకు చూపించడానికి ఒక్కటీ లేదురా" అని పెద్దమ్మ ఎన్నిసార్లు అందో!

పోయిన చలికాలం నాంపల్లిలో ఓ కొట్టులో పాత రేడియోల వెనక రేకు డబ్బా కనిపించింది. మూత తీస్తే వరసగా గాజు పలకలు. అరచేతంతవి, అంచుల్లో నల్ల కాగితం అంటించి ఉన్నవి. స్లయిడ్లు! మీలో చాలామంది చూసి ఉండరు. ఆట మధ్యలో తెర మీద పడేవే, "దయచేసి పొగ త్రాగకండి", "త్వరలో వచ్చును", "నేటితో ఆఖరు" లాంటివి. అన్నీ గాజు మీద సన్న కుంచెతో రాసినవే.

ఒకటి తీసి వెలుతురుకి పట్టాను. 'విశ్రాంతి' అని ఉంది. పక్కన సోడా గ్లాసు పట్టుకున్న అమ్మాయి, గోరంత ముఖం, దానికి కళ్ళు కూడా! 'శ' తోక మెలితిరిగిన తీరు చూడగానే నా గుండె ఝల్లుమంది. అచ్చం పెదనాన్న రాతే!

ఇక్కడే నేను విలన్ అయ్యాను. గుండె ఝల్లుమన్నా నోరు మాత్రం బేరానికే దిగింది.

"ఎంత భాయ్?"

"తీన్ సౌ, సాబ్."

"గాజుముక్కకి మూడొందలా? సౌ."

"కాంచ్ కా నై సాబ్, కామ్ కా పైసా" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. అంటే, డబ్బు గాజుకి కాదు, పనికి అని.

వింటేగా నేను! రెండడుగులు బయటికి వేశాను, మనకి తెలిసిన నాటకమే. వెనక్కి పిలిచాడు. నూటయాభైకి తెగింది. ఫోనుతో స్కాన్ చేసి డబ్బు పంపి, లాటరీ కొట్టినవాడిలా నవ్వుకుంటూ నేరుగా మలక్‌పేట వెళ్ళాను.

పెద్దమ్మకి ఎనభై దాటాయి. శుక్లాల ఆపరేషన్ అయింది. ట్యూబులైటు కింద కూర్చోబెట్టి చేతిలో పెట్టాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. నేను ఊపిరి బిగబట్టాను.

"మీ పెదనాన్నది కాదురా" అంది.

"శ చూడు పెద్దమ్మా..."

"శ కాదు, సున్నా చూడు. ఆయన సున్నా రాస్తే లోపల ఎర్రచుక్క పెట్టేవారు. బొట్టు పెట్టనిదే సున్నా వితంతువులా ఉంటుందని వేళాకోళం. ఇందులో చుక్క లేదు. ఇది ఇంకెవరి చెయ్యో."

నా మొహం మాడిపోయింది. పలక తిరిగి తీసుకోబోయాను. ఆవిడ ఇవ్వలేదు.

"ఎంతకి కొన్నావు?"

చెప్పాను. బేరం సంగతి కూడా, కాస్త గొప్పగానే చెప్పాను.

"ఆయన రాసినవాటికీ ఇలాగే బేరాలాడేవాళ్ళు. స్లయిడుకింత అని ఒప్పుకుని, తీరా పట్టుకెళ్తే సగం చేతిలో పెట్టేవాళ్ళు. ఆ సగంతోనే మీ అన్నయ్యకి ఫీజు కట్టాం" అంది. ఆ హాలు ఏదో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. తరవాత పలకని చీరకొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. "ఆయనది కాకపోతేనేం? వీళ్ళింట్లోనూ ఒక్కటీ మిగిలి ఉండదు. పారెయ్యకు."

మర్నాడు మళ్ళీ నాంపల్లి వెళ్ళాను. డబ్బాలో మిగిలిన స్లయిడ్లు ఆరు. ఈసారి పెద్దాయన చెప్పిన ధరకే తీసుకున్నాను. మొదటిదానికి తగ్గించిన నూటయాభై కూడా కలిపాను. ఆయన వింతగా చూశాడు. "నిన్న బేరం, నేడు దానమా సాబ్?" అన్నాడు. "దానం కాదు భాయ్, కామ్ కా పైసా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే, మూతపడ్డ ఓ హాలు సామానుతో వచ్చిందన్నాడు. హాలు పేరు ఆయనకి గుర్తులేదు. గుర్తొస్తే చెప్పమని నా నంబరిచ్చి వచ్చాను.

ఆరింటిలోనూ సున్నాలు వెతికాను. ఎర్రచుక్క ఎక్కడా లేదు. అయినా ఇప్పుడు నాంపల్లి వెళ్ళినప్పుడల్లా వెతుకుతూనే ఉన్నాను. మీకెవరికైనా కనిపిస్తే, సున్నాకి బొట్టున్న స్లయిడు, ఈ శీర్షికకి ఓ కార్డు ముక్క రాయండి బాబూ!

చెల్లాయికి మూడు మాటలు

ఒకటి. బేరం ఆడు, తప్పులేదు. అమ్మేవాడూ అందుకే కాస్త పెంచి చెబుతాడు. కానీ వస్తువు నీకు నచ్చి, నీ దగ్గర డబ్బూ ఉండి, ధర న్యాయంగా ఉంటే బయటికి నడిచే నాటకం వెయ్యకు. నేను వేశాను, ఆ నూటయాభై నాకు ఓ రాత్రి నిద్రని తినేసింది.

రెండు. ఇంటికి రాగానే చీటీ మీద రాసిపెట్టు. ఎక్కడ కొన్నావు, ఏ తేదీన, ఎంతకి, అమ్మినాయన ఏం చెప్పాడు. దాన్ని వస్తువు వెనక దాచు. మీద జిగురు మాత్రం పూయకు. చేసినవాళ్ళ పేరు ఎలాగూ పోయింది, కనీసం దారి అయినా మిగలాలి. రేపెవరో దానిపట్టుకుని పేరుదాకా వెళ్ళచ్చు.

మూడు. పాతది కొంటే మన గది బాగుపడుతుంది, చేసినవాడి ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని ఏడాదికొక్కసారైనా కొత్తది కొను, తిన్నగా పనివాడి దగ్గరో, సర్కారు షోరూములోనో. ఒకప్పుడు మనందరికీ లేపాక్షి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ షోరూములకి గోల్కొండ అని పేరు. అక్కడి ధర చీటీ చూసి నీకు కళ్ళు తిరిగాయన్నావు. ఆ చీటీలో ఎన్ని రోజుల పని ఉందో లెక్కవేసి చూడు, తిరగడం కాస్త తగ్గుతుంది!

నీ అయిదొందల్లో నాలుగొందలకి నాంపల్లిలో వెతుక్కో. మిగతా వందతో దారిలో మొజంజాహీ మార్కెట్టు దగ్గర ఐస్‌క్రీం తిను. 1935 నాటి ఆ రాతి గడియార స్తంభం కింద నిలబడి తింటూ పైకి చూడు. అక్కడి రాళ్ళు చెక్కిన చేతుల పేర్లూ మనకి తెలియవు.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. అప్పటిదాకా... విశ్రాంతి!